సైకిలు, డికాక్షను, ఛాతీలో బరువు

డెబ్బై దాటిన నన్ను తెల్లవారుజామున సైకిలెక్కించేది సంకల్పబలమని మీరు భావించవచ్చు. కాదు, రాత్రే ఇత్తడి ఫిల్టరులో వేసి ఉంచిన డికాక్షను. పొడిని ఎంత అదమాలన్న విషయంలో మాత్రం మా శ్రీమతిదే తుది తీర్పు. ఒక చిన్న గ్లాసు కాఫీ, ఆపై అరగంట సైకిలు. వారానికి ఐదు రోజులు. మా వయసువారికి ఏరోబిక్ వ్యాయామం వరకు కనీసంగా ఆ 150 నిమిషాలు చాలు.

తాగిన గంటలోపే కెఫీన్ రక్తంలో గరిష్ఠస్థాయికి చేరి, పడుతున్న శ్రమను తక్కువగా తోపింపజేస్తుంది. అంతర్జాతీయ పోటీలలో 2004కు ముందు దానికి పరిమితి ఉండేది. చికోరీలో కెఫీన్ లేదు గనుక, చిక్కదనాన్ని బట్టి కాఫీ బలాన్ని అంచనా వేయకండి.

శ్రమ తెలియకపోవడం వేరు, లేకపోవడం వేరు. వంతెన ఎక్కుతుండగా ఛాతీ మధ్య బరువుగా పట్టేసి, దిగి నిలబడగానే తగ్గితే, “కాఫీ వల్ల గ్యాస్” అని సరిపెట్టుకోకండి. ఆ మాటే చెబుతూ వచ్చిన హృద్రోగులను నా ఉద్యోగకాలంలో ఎందరినో చూశాను. మధుమేహులకు నొప్పి లేకుండా ఆయాసమే రావచ్చు. సైకిలు ఆపి వైద్యుని కలవండి. విశ్రాంతిలో తీసిన ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన నిశ్చింత పడకండి. తదుపరి పరీక్షల గురించి అడగండి. కూర్చున్నా బరువు తగ్గకపోతే వెంటనే 108కు ఫోను చేయండి. సైకిలు తొక్కుకుంటూ ఆసుపత్రికి రాకండి. అలా వచ్చినవారూ ఉన్నారు.