రెండు గంటలకు గ్రనడా విడవాలి

విహార నౌకలో ప్రయాణించేవారికి ముందురోజు రాత్రే ఒక దినచర్య పత్రం అందుతుంది. మరునాడు ఓడ ఆగబోయే రేవును గురించి అందులో రెండు సమయాలు ముద్రించి ఉంటాయి. ఒకటి ఓడ బయలుదేరే సమయం. రెండవది ప్రయాణికులందరూ ఓడలోకి వచ్చి ఉండవలసిన సమయం. దానిని 'ఆల్ అబోర్డ్' అంటారు. సాధారణంగా ఇది మొదటిదానికి అరగంట ముందుంటుంది, కొన్నిచోట్ల గంట ముందు కూడా ఉంటుంది. రైళ్ళకూ బస్సులకూ అలవాటుపడిన మన మనసు సహజంగా బయలుదేరే సమయాన్నే గుర్తుంచుకుంటుంది. ఓడవారు లెక్కలోకి తీసుకునేది మాత్రం రెండవదానినే.

కొన్నేళ్ళ క్రితం, రమజాన్ ముగిసిన తరువాత వచ్చిన ఏప్రిల్ నెలాఖరులో, మా అమ్మీ, భాయీజాన్, భాభీ, వారి పదకొండేళ్ళ కుమారుడు, నేను బార్సిలోనాలో అటువంటి ఓడ ఎక్కాము. భాయీజాన్ ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్నారు. అమ్మీ గుంటూరులో ముప్పై ఏళ్ళపాటు ఉర్దూ మాధ్యమం పాఠశాలలో చరిత్ర బోధించి విశ్రాంతి తీసుకుంటున్నారు. అందలూసియా చరిత్రను నల్లబల్లపై ఎన్నిసార్లు రాశారో, ఎన్నిసార్లు తుడిచారో లెక్కలేదు. అల్‌హమ్రాను ఒక్కసారి కళ్ళారా చూడాలన్నది ఆమె చిరకాల వాంఛ. మోకాళ్ళ నొప్పితో దేశదేశాలు తిరిగి, రోజుకొక హోటలు మారే శక్తి ఆమెకు లేదు. ఓడలోనైతే గది మారనక్కరలేదు. ఊళ్ళే మన దగ్గరకు వస్తాయి. మా ఓడ మాలగా రేవులో ఒక పగలు ఆగుతుందని తెలిసి భాయీజాన్ ఆ ప్రయాణాన్ని ఎంచుకున్నారు.

అయితే అల్‌హమ్రా మాలగాలో లేదు. అది ఉన్న గ్రనడా నగరం రేవునుంచి దాదాపు 130 కిలోమీటర్ల లోపల, కొండల మధ్య ఉన్నది. రహదారి ఖాళీగా ఉంటే గంటన్నర ప్రయాణం. అక్కడికి వెళ్ళడానికి రెండు మార్గాలు ఉన్నాయి. ఓడవారే నడిపే యాత్రలో చేరడం ఒకటి, సొంతంగా వాహనం కుదుర్చుకోవడం మరొకటి. ఓడవారి యాత్రలో ఉన్న గొప్ప సౌకర్యం భరోసా. వారి బస్సు దారిలో చిక్కుకుంటే ఓడ వేచి ఉంటుంది, లేదా ఆ ప్రయాణికులను తరువాతి రేవుకు చేర్చే బాధ్యత వారే వహిస్తారు. సొంతంగా వెళ్ళినవారికి ఆ భరోసా లేదు. ఓడ బయలుదేరడానికి రేవు మార్గదర్శి రావాలి, అవసరమైతే లాగుడు పడవలు రావాలి, వీటన్నిటికీ సమయం ముందే నిర్ణయమై ఉంటుంది. ఆలస్యమైతే రేవు రుసుము పెరుగుతుంది, తరువాతి రేవులో కేటాయించిన చోటు చేజారవచ్చు. వేలమంది ఎక్కిన ఓడ ఐదుగురి కోసం ఆగదు.

ఇవన్నీ తెలిసినా మేము సొంత వాహనాన్నే ఎంచుకున్నాము. నలభైమంది గుంపుతో సమానంగా అమ్మీ నడవలేరు. పైగా ఆ యాత్రలో కలిపి ఇచ్చే భోజనంలో హలాల్ లేదు. భరోసాను వదులుకున్నందుకు దాని స్థానంలో మేము పెట్టగలిగినది ఒక్కటే, కాలం. ఎంత కాలం పెట్టాలో భాయీజాన్ ఇల్లు కదలకముందే ఒక కాగితంపై రాశారు.

ఆయన లెక్క తలకిందులుగా సాగింది. ఉదయం ఎన్నింటికి దిగుతాము అని మొదలుపెట్టలేదు. సాయంత్రం నుంచి వెనక్కి వచ్చారు. ఓడ కదిలేది ఆరు గంటలకు. అందరూ ఎక్కి ఉండవలసింది ఐదున్నరకు. మేము రేవులో ఉండవలసింది నాలుగు గంటలకు. ఆ మధ్యనున్న గంటన్నర ఎవరూ ముట్టకూడని సొమ్ము. గంటన్నర దారికి రెండు గంటలు కేటాయించాలి. అంటే మధ్యాహ్నం రెండు గంటలకు గ్రనడా విడవాలి. ఓడ ఎనిమిదింటికి ఒడ్డుకు చేరుతుంది. తొమ్మిదిలోపు బయలుదేరితే పదిన్నరకు అల్‌హమ్రా. నస్రీ రాజప్రాసాదాలలో ప్రవేశానికి టిక్కెట్టుపై కచ్చితమైన సమయం ఉంటుంది. అది దాటితే లోపలికి పంపరు. ఆ టిక్కెట్లు పేరుపేరునా, పాస్‌పోర్టు సంఖ్యతో, ఎంతో ముందుగా కొనుక్కోవాలి. ఓడ ఒక గంట ఆలస్యంగా వచ్చినా అందుకునేలా ఆయన పదకొండున్నర సమయాన్ని తీసుకున్నారు. ఉద్యానవనాలనూ పాత కోట బురుజులనూ ఈ లెక్కలో నుంచి ముందే తీసివేశారు.

ఆ రోజు అంతా అనుకున్నట్లే మొదలైంది. వ్యానులో అమ్మీ తన మనుమడికి ఇబ్న్ బతూతా కథ చెప్పారు. సుమారు 1350లో ఆయన ఇదే ప్రాంతానికి వచ్చాడు, మాలగా అత్తిపండ్లనూ బంగారు మెరుపు మట్టిపాత్రలనూ మెచ్చుకున్నాడు, గ్రనడాలో ఇబ్న్ జుజయ్‌ని కలిశాడు. తరువాత ఆయన యాత్రాగ్రంథానికి అక్షరరూపం ఇచ్చినది ఆ ఇబ్న్ జుజయే. మాలగాకు వచ్చే దారిలో తనకంటే ముందు సాగిపోయిన గుర్రపు రౌతుల బృందం సముద్రం మీదుగా వచ్చిన శత్రువులకు చిక్కిందనీ, వెనుకబడినందువల్ల ఆయన బయటపడ్డాడనీ కూడా చెప్పారు.

"అయితే ఆలస్యమే ఆయనను కాపాడింది కదా, దాదీ!" అన్నాడు పిల్లవాడు.

"కాపాడింది బేటా. కానీ ఆయన కోసం రేవులో ఓడ కాచుకొని లేదు" అన్నారు అమ్మీ.

అల్‌హమ్రాను వర్ణించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. 1238లో ముహమ్మద్ ఇబ్న్ అల్ అహ్మర్ ప్రారంభించిన ఆ కోట, 14వ శతాబ్దంలో ఐదవ ముహమ్మద్ నిర్మించిన సింహాల ప్రాంగణం, పన్నెండు సింహాలు మోస్తున్న జలపాత్ర, చుట్టూ 124 పాలరాతి స్తంభాలు, గోడ గోడకూ అల్లాహ్ తప్ప విజేత లేడని చాటే అక్షరాలు. 1492 జనవరి 2న ఈ కోట చేతులు మారింది. అమ్మీ ఆ తేదీని పైకి చెప్పలేదు. ఒక స్తంభం పక్కన చాలాసేపు నిలబడ్డారు, మేమూ పలకరించలేదు.

తరువాత లోయ వైపు తెరచుకున్న ఒక కిటికీ వద్దకు వచ్చాము. ఎదుటి కొండమీద అల్‌బైసీన్ పేట తెల్లని ఇళ్ళు, వాటి మధ్య ఒక మసీదు మీనారు కనిపించాయి. అది 2003లో ప్రారంభమైన గ్రనడా పెద్ద మసీదు. ఐదు శతాబ్దాల తరువాత ఆ నగరంలో కొత్తగా కట్టిన మొదటి మసీదు అదేనని భాయీజాన్ చెప్పారు. అమ్మీ కళ్ళు దానినుంచి మరలలేదు. "అక్కడ జుహర్ నమాజు చేయగలమా?" అని అడిగారు.

చిక్కంతా ఆ ప్రశ్నలోనే ఉన్నది. వేసవి గడియారం పాటించే స్పెయిన్‌లో సూర్యుడు నడినెత్తిన ఉండేది పన్నెండింటికి కాదు. ఏప్రిల్ నెలాఖరున గ్రనడాలో జుహర్ వేళ మొదలయ్యేదే దాదాపు రెండూ పావుకు. మేము బయలుదేరవలసింది రెండింటికి. పేట సందులలోకి వ్యాను పోదు. ఎదుటి కొండ చేరి, నమాజు ముగించి, తిరిగి వచ్చేసరికి మూడవుతుంది. మూడింటికి బయలుదేరినా, రెండు గంటల ప్రయాణం లెక్కన ఐదింటికి రేవులో ఉంటాము. ఇంకా అరగంట మిగులుతుంది. కాగితం మీద అది సాధ్యమే.

భాయీజాన్ అమ్మీ ముఖం చూశారు, గడియారం చూశారు. ఆయన మెత్తబడుతున్నారని నాకు అర్థమైంది. డెబ్బై ఏళ్ళ తల్లి మళ్ళీ ఇంత దూరం వస్తుందో రాదో తెలియదు. ఆమె ఒక సజ్దా కోరుకుంటున్నది. నగ అడగలేదు, విందు అడగలేదు. "వెళదాం అమ్మీ, సరిపోతుంది" అన్నారు.

అమ్మీ కొద్దిసేపు మాట్లాడలేదు. తరువాత, "నాలుగు గంటలని ఎందుకు రాశావు?" అని అడిగారు.

"దారిలో ఏదైనా జరిగితే అని."

"జరగదని ఇప్పుడు తెలిసిందా?"

ఆయన జవాబు చెప్పలేదు. "అయితే రెండంటే రెండే. జుహర్ వేళ సాయంత్రం దాకా ఉన్నది. ఓడకు అంత వ్యవధి లేదు" అని అమ్మీ కిటికీ విడిచి ముందుకు నడిచారు. రెండింటికి ఐదు నిమిషాల ముందే వ్యాను కదిలింది.

మాలగా వైపు దిగే కొండదారిలో ఒక సరుకుల లారీ అడ్డంగా పడి ఉన్నది. వాహనాలు చీమల బారులా ఆగిపోయాయి. డెబ్బై నిమిషాలు అక్కడే గడిచాయి. డ్రైవరు ఇంజను ఆపి బయట నిలబడ్డాడు. భాభీ ఇంటినుంచి తెచ్చిన రొట్టెలు పంచారు. ఎవరమూ ఆందోళన పడలేదంటే అది నిజం కాదు. కాని ఎవరమూ డ్రైవరును తొందరపెట్టలేదు. నాలుగూ నలభైకి రేవు చేరాము. మూడింటికి బయలుదేరి ఉంటే ఐదూ నలభై అయ్యేది. అందరూ ఎక్కవలసిన సమయం పది నిమిషాల క్రితమే దాటిపోయి ఉండేది.

ఐదు గంటలకు తన గదిలో అమ్మీ జుహర్ నమాజు చేసుకున్నారు, ప్రయాణికులకు ఉన్న సడలింపుతో రెండు రకాతులు. గుంటూరులో జీవితమంతా పడమటికి తిరిగి నిలిచిన మనిషి అక్కడ తూర్పుకు తిరిగారు. సలాము తరువాత ఆమె నాతో అన్నమాట ఇది: "మసీదును చూశాను. నమాజును వేళలోనే చేశాను. రెండూ ఒకచోట జరగలేదు, అంతే."

ఓడ తప్పిపోతే ఏమవుతుందో ఊహించనక్కరలేదు, జరిగిన సంఘటనలే ఉన్నాయి. 2024 మార్చి చివరలో ఆఫ్రికా పడమటి తీరాన ఉన్న సావో టోమే ద్వీపంలో, సొంతంగా యాత్రకు వెళ్ళిన ఎనిమిదిమంది ఆలస్యంగా తిరిగివచ్చారు. ఓడ ఇంకా కనుచూపు మేరలోనే లంగరు వేసి ఉన్నది. తీర రక్షక దళంవారు వారిని పడవలో ఓడ దగ్గరకు తీసుకువెళ్ళినా ఓడలోకి అనుమతి లభించలేదు. వారిలో వృద్ధులు, ఒక గర్భిణి ఉన్నారు. దేశాల వెంట దేశాలు దాటి గాంబియా చేరితే, ఓడ ఆ రేవులో ఆగలేకపోయింది. చివరకు సెనెగల్‌లోని డకార్‌లో ఓడను అందుకున్నారు.

మనవంటి పాస్‌పోర్టు కలవారికి ఇంకొక చిక్కు ఉన్నది. మా తరువాతి రేవు లిస్బన్. అది కూడా షెంగెన్ పరిధిలోనే ఉన్నది కనుక, ఓడ తప్పినా సొంత ఖర్చుతో అక్కడికి చేరవచ్చు. అదే తరువాతి రేవు మొరాకోలోని టాంజియర్ అయి ఉంటే, ఆ దేశపు అనుమతి వేరు. షెంగెన్ దాటి వెళ్ళి తిరిగి రావడానికి ఒకసారి ప్రవేశానికి ఇచ్చే వీసా చాలదు. కాబట్టి మీ ఓడ మార్గాన్ని ముందుంచుకొని, ప్రతి రేవు తరువాత ఏ దేశం వస్తుందో చూసుకోండి.

గడియారం సంగతి కూడా చెప్పాలి. స్పెయిన్‌కూ పోర్చుగల్‌కూ గంట తేడా. మొరాకో అయితే రమజాన్ మాసంలో గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతుంది. చేతిఫోను తనంతట తానే స్థానిక సమయానికి మారిపోతుంది. ఓడ సమయం మారవచ్చు, మారకపోవచ్చు. ఓడ సమయానికి సరిచేసిన మామూలు చేతిగడియారం ఒకటి ఇంటి పెద్ద మణికట్టుకు ఉండడం మంచిది.

రేవు దిగేటప్పుడు దినచర్య పత్రాన్ని వెంట తీసుకువెళ్ళండి. ఆ ఊరిలో ఓడ తరఫున పనిచేసే ప్రతినిధి ఫోను సంఖ్య అందులో ఉంటుంది. ఆలస్యమవుతుందని తోచిన క్షణమే ఆ సంఖ్యకు ఫోను చేయాలి. రెండు రోజులకు సరిపడే మందులు, కొంత నగదు, పాస్‌పోర్టు సంచిలో ఉండాలి. పాస్‌పోర్టులు ఓడవారి వద్ద ఉంటే ముందురోజే అడిగి తీసుకోవచ్చునేమో కనుక్కోండి.

అన్నిటికంటే ముందు దూరం చూడండి. రేవు పేరు పక్కన ఓడవారు రాసే మహానగరం తరచుగా ఆ రేవులో ఉండదు. రోము అని రాసినచోట ఓడ ఆగేది చివిటావెక్కియాలో. రోము అక్కడికి సుమారు 70 కిలోమీటర్లు. ఫ్లారెన్స్ అంటే లివోర్నో, సుమారు 90 కిలోమీటర్లు. ఇటలీలో రైలు సమ్మెలు అరుదు కావు. ఏథెన్స్‌కు మాత్రం పిరేయస్ రేవు దగ్గరలోనే ఉన్నది. వెళ్ళిరావడానికి పట్టే సమయమే రేవులో ఓడ ఆగే సమయంలో సగానికి మించితే, ఓడవారి యాత్రనే ఎంచుకోవడమో, రేవు ఊరితో సరిపెట్టుకోవడమో మేలు. మాలగాలోనే 11వ శతాబ్దపు అల్కసాబా కోట ఉన్నది. రేవునుంచి నడిచి వెళ్ళవచ్చు. మోకాళ్ళు సహకరించనివారికీ, చిన్నపిల్లల తల్లులకూ అది ఒక పూట నిండుగా సరిపోతుంది.

అల్లాహ్ అనుగ్రహిస్తే ఇటువంటి ప్రయాణం తలపెట్టే కుటుంబాలు ఇల్లు విడవకముందే ఒక సాయంత్రం కలిసి కూర్చొని, తిరిగి రావలసిన సమయాన్ని కాగితం మీద రాసుకోవాలి. పెద్దలు, పిల్లలు అందరూ దానిని చదవాలి. మా కాగితాన్ని అమ్మీ బార్సిలోనాలోనే చదివి, మడచి తన చేతిసంచిలో పెట్టుకున్నారని నాకు ఇంటికి వచ్చిన తరువాతనే తెలిసింది.