రెంటచింతల ఎండలో ఒక్క ఫోటో

పల్నాటి యుద్ధాన్ని మనవాళ్ళు రెండుసార్లు సినిమాగా తీశారు. 1947లో కన్నాంబ, 1966లో భానుమతి, నాయకురాలు నాగమ్మ వేషంలో నిప్పులు చెరిగారు. నలగామరాజుది గురజాల, మలిదేవుడిది మాచర్ల. ఈ రెండూళ్ళ నడుమ రైల్లో తగిలే ఊరే రెంటచింతల. దాని పేరు మీరు వినే ఉంటారు. నాగమ్మ పుణ్యాన కాదు, సూర్యుడి పుణ్యాన! వేసవి వచ్చిందంటే చాలు, ఎండ వార్తల్లో ఆ ఊరి పేరు ఉండాల్సిందే. అక్కడ పాదరసం 45 డిగ్రీలు దాటినా ఎవరూ ఆశ్చర్యపోరు.

"వెళ్ళిన చోటల్లా ఏం ఫోటోలు తీయాలి సార్?" అని అడిగే కుర్రాళ్ళకి నేను చెప్పేది ఈ ఊరి సంగతే.

1984 మే నెల. రెంటచింతలలో మా పెద్దమ్మ ఇంట్లో మకాం. చేతిలో ఆగ్ఫా క్లిక్ కెమెరా. రోలుకి పన్నెండే బొమ్మలు! కడిగించడానికెంత, ప్రింటుకెంత అని లెక్కలేసుకుని మరీ మీట నొక్కే రోజులవి.

సాగర్ డ్యాం మూడు తీశాను. లాంచీలో నాగార్జునకొండకి వెళ్ళి రెండు. అసలు ఆ లోయంతా ఇప్పుడు నీళ్ళ కిందే ఉంది. డ్యాం కట్టేలోగా, 1954 నుంచి 1960 దాకా, హడావిడిగా తవ్వి దొరికిన శిల్పాల్ని కొండమీదికి చేర్చారు. మునిగిపోయిన లోయని ఇవాళ ఎంత గొప్ప కెమెరామన్ అయినా తీయలేడు కదా! అప్పుడు తీసి పెట్టుకున్న ఫోటోలే దిక్కు. ఈ ముక్క ఆనాడు నా బుర్రకెక్కలేదు. చంద్రవంక దూకే ఎత్తిపోతల చూడగానే ఒళ్ళు మరిచి టకటకా ఆరు లాగించాను. మిగిలింది ఒక్కటి.

ఇంటికొచ్చి గొప్పలు చెబుతుంటే పెద్దమ్మ అంది: "నీళ్ళకేమో ఆరా! నన్నూ ఈ ఇంటినీ ఒక్కటన్నా తియ్యవేందిరా?"

సరేనని మిట్టమధ్యాహ్నం ఆవిణ్ణి నాపరాళ్ళ గోడ ముందు నిలబెట్టాను. ఎండ బాగా ఉంటే ఫోటో బాగా వస్తుందని నా నమ్మకం. ఫోటో వచ్చింది. గోడ తెల్లగా మండిపోతోంది. కొంగు కింద పెద్దమ్మ మొహం బొగ్గులా ఉంది. "ఎవర్రా ఇది, నా నీడా?" అని పకపకా నవ్వింది.

ఆ తర్వాత నేర్చుకున్నాను. నడినెత్తి ఎండ మొహం మీద పడదు, నుదుటి మీద పడి కళ్ళ కింద గుంటలు చేస్తుంది. మనిషిని వాకిట్లో కాదు, గడప లోపల నీడలో నిలబెట్టాలి. బయటి గోడ మీంచి వచ్చే వెలుగు మెత్తగా మొహానికి తగులుతుంది. లేదా పొద్దున ఆరింటికి తీయాలి. అప్పటి ఏటవాలు ఎండలో రాతి గరుకు కూడా కనిపిస్తుంది.

కిందటేడు మేలో మళ్ళీ వెళ్ళాను. పెద్దమ్మ లేదు. నాపరాళ్ళ ఇల్లూ లేదు. ఆ జాగాలో డాబా లేచింది. మధ్యాహ్నం వీధిలో నాలుగు బొమ్మలు తీశానో లేదో, సెల్‌ఫోను వేడెక్కి కెమెరా తనంతట తనే ఆగిపోయింది. రెంటచింతలా మజాకానా! మూసిన తలుపులు, అరుగు కింద వగర్చే కుక్క, వేపచెట్టు నీడ కదిలే కొద్దీ దాంతో పాటే జరిగే మంచం... ఎండని తీయాలంటే ఇలాంటివే తీయాలి. ఉత్త సూర్యుణ్ణి తీస్తే ఏమొస్తుంది, తెల్లమచ్చ తప్ప!

"పాతిల్లు ఎట్టా ఉండేది తాతా?" అని మనవడు అడిగితే మా అన్నయ్య దగ్గర చూపించడానికి ఒక్క బొమ్మ లేదు. పర్సులోంచి నా చెడిపోయిన ఫోటో తీసిచ్చాను. అన్నయ్య కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. గోడ మూల కుండ గుర్తుపట్టాడు. గూడు గుర్తుపట్టాడు. మొహం కనబడకపోయినా, "ఆ నిలబడ్డం అమ్మదేరా," అన్నాడు. ఫోటో మళ్ళీ నా చేతికివ్వలేదు.

అన్నట్టు, ఎత్తిపోతల ఫోటోలు ఆరూ ఎక్కడున్నాయో నాకే తెలీదు. అలాంటివి అందరి దగ్గరా ఉన్నాయి.

మీరూ సాగర్ వెళ్ళండి, ఎత్తిపోతల తీసుకోండి. రోలు అయిపోతుందన్న బెంగ ఇప్పుడు లేదుగా! కాకపోతే, మీకు అన్నం పెట్టిన వాళ్ళని వాళ్ళ గడపలో నిలబెట్టి ఒక్కటి తీశాకే బస్సెక్కండి.