బాగుకానివాళ్ల సంగతి

మన కుటుంబంలో ప్రార్థనతో జబ్బు నయమైందని చెప్పే సాక్ష్యాలకు కొదవ లేదు. పెద్దత్తకు చిన్నప్పుడు వచ్చిన విషజ్వరం, చిన్నాయన కాలు విరిగిన కథ, ఇవన్నీ మీరు క్రిస్మస్‌కి కూడినప్పుడల్లా వినే ఉంటారు. నయం కానివాళ్ల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఈసారి దాని గురించే రాస్తున్నాను. మా తాత ఆ లెక్కలో మనిషి.

తాత చిత్తూరు వైపు నుంచి కోలారు బంగారు గనులకు వచ్చి చాంపియన్ రీఫ్‌లో పని చేశాడు. మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న గని అది. రాయి తొలిచేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ పట్టుకుంది. దాన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేనాటికి ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆఖరి రోజుల్లో ఒక కూటానికి తీసుకెళ్తే, అక్కడికి వచ్చిన ప్రసంగీకుడు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాడు. దగ్గు తగ్గలేదు. "నీకు విశ్వాసం చాల్లేదు" అన్నాడు, అందరి ముందూ. తాత ఊరకే ఉన్నాడు. అవ్వ మాత్రం బతికినన్నాళ్లూ ఆ మాట మోసింది. "మీ తాతకి విశ్వాసం తక్కువాంట్రా?" అని నన్ను అడిగేది. ఆ ప్రశ్న కోసమే తొలినాటి సంఘం రోగుల పట్ల ఎట్లా నడుచుకుందో చదవడం మొదలుపెట్టాను.

అపొస్తలుల కార్యములు మూడో అధ్యాయం చూడండి. యెరూషలేములో శృంగారమనే ద్వారం దగ్గర పుట్టుకుంటివాడు కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్లు దాటినవాడు. అతను అడిగింది భిక్షం. నీకు విశ్వాసం ఉందా అని పేతురు అతన్ని పరీక్ష పెట్టలేదు, చెయ్యి పట్టుకుని లేపాడు. లుస్త్రలో ఇంకో కుంటివాడి విశ్వాసాన్ని పౌలు గమనించాడని రాసి ఉంది, అదీ నిజమే. రోగి విశ్వాసానికి విలువ లేదని నేను అనను. కానీ యాకోబు పత్రిక ఐదో అధ్యాయంలో జబ్బుపడ్డవాడు చెయ్యాల్సిన పని ఒక్కటే: సంఘపు పెద్దల్ని పిలిపించుకోవడం. నూనె రాసి, విశ్వాసంతో ప్రార్థించాల్సిన బరువు ఆ వచ్చినవాళ్లది. మంచాన పడ్డవాడి విశ్వాసాన్ని తూకం వెయ్యమని అక్కడ లేదు.

ఇక పౌలు. మెలితే ద్వీపంలో పొప్లి తండ్రికి జ్వరం, రక్తభేది ఉంటే చేతులుంచి బాగు చేసినవాడు. అదే పౌలు త్రోఫిమును మిలేతులో జబ్బుతోనే వదిలి వచ్చానని తిమోతికి రాశాడు. ఆ తిమోతికి కూడా కడుపు బాగాలేక తరచూ బలహీనపడుతుంటే కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని సలహా ఇచ్చాడు. తన ఒంట్లో ఉన్న ముల్లు తీసెయ్యమని తనే మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు. వీళ్లలో ఎవరికి విశ్వాసం తక్కువ?

త్రోఫిము మాట చదివి వినిపించినప్పుడు అవ్వ కాసేపు ఆగి, "పాపం, ఆయప్పకి గంజి కాచి పోసినోళ్లు ఎవురున్నారో" అంది. తాతకి ఏళ్ల తరబడి గంజి కాచి పోసిన మనిషి అడగాల్సిన ప్రశ్నే అది. తరవాతి కాలపు సంఘం కూడా ఆ ప్రశ్నను వదిలిపెట్టలేదు.

3వ శతాబ్దం నడుమ రోమా సామ్రాజ్యమంతా పెద్ద తెగులు వచ్చింది. అన్యులతో సమానంగా మనవాళ్లూ చస్తున్నారేమని కార్తేజీలో విశ్వాసులు కలవరపడ్డారు. ఒంటితో ఉన్నన్నాళ్లు ఒంటికి వచ్చే బాధలు అందరికీ ఒకటేనని వాళ్ల బిషప్పు సిప్రియన్ ఒక చిన్న పుస్తకమే రాశాడు. అలెగ్జాండ్రియాలో రోగుల్ని దగ్గరుండి చూసుకుంటూ అదే జబ్బు అంటుకుని చనిపోయినవాళ్ల గురించి అక్కడి బిషప్పు దియొనీసియుస్ ఉత్తరం రాశాడు. ఆ చనిపోయినవాళ్లను ఆయన హతసాక్షులతో సమానంగా ఎంచాడు. 370ల ప్రాంతంలో కప్పదొకియలోని కైసరయ దగ్గర బాసిల్ బీదలకు, కుష్ఠరోగులకు ఆశ్రయం కట్టించి వైద్యుల్ని పెట్టాడు. ప్రార్థన ఉంది కదా అని వైద్యాన్ని కాదనలేదు.

అట్లాగని స్వస్థతల మీద నమ్మకం సడలిందనుకోకండి. అగస్టీన్ వయసులో ఉన్నప్పుడు అలాంటి అద్భుతాలు అపొస్తలుల కాలంతో ఆగాయన్నట్టు రాశాడు. ముసలితనంలో, తన ఊరు హిప్పోలో రెండేళ్లలోపే డెబ్బైకి దగ్గరగా స్వస్థతలు రాతలో నమోదయ్యాయని తనే చెప్పాడు. ఆయన చివరి జబ్బుతో పడుకుని ఉండగా ఒక రోగిని తీసుకొచ్చి చెయ్యి ఉంచమన్నారు. నాకే ఆ శక్తి ఉంటే ముందు నా మీద వాడుకోనా అన్నాడట. కలలో చెప్పారని వాళ్లు పట్టుబడితే చెయ్యి ఉంచాడు. ఆ మనిషి బాగై లేచిపోయాడు. అగస్టీన్ మాత్రం 430 ఆగస్టు 28న ఆ జబ్బుతోనే కన్నుమూశాడు. రెండూ ఒకే జీవితచరిత్రలో రాసింది ఆయన స్నేహితుడు పొస్సిడియుస్. దాంట్లో ఆయనకు గురువు విశ్వాసంలో లోటేమీ కనబడలేదు.

అందుకని బెంగళూరులో, చెన్నైలో ఉన్న మన పిల్లలకు ఒక మాట. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి, సంఘపు పెద్దల్నీ పిలవండి. బాగైతే సాక్ష్యం చెప్పండి. కాకపోతే పక్కన కూర్చోండి, గంజి కాచి పొయ్యండి. విశ్వాసం ఎంతుందని మాత్రం మంచంలో ఉన్నవాళ్లను అడగకండి. తాత ఊపిరాడకపోయినా ఆదివారం ఆరాధన తప్పలేదు. ఇద్దరు మనవళ్లు చెరో చెయ్యీ పట్టుకుంటే నడిచి వెళ్లేవాడు. ఈసారి క్రిస్మస్‌కి సాక్ష్యాలు చెప్పుకునేటప్పుడు ఆ సంగతి కూడా చెప్పండి.