కుమావోన్ సరస్సుల నడుమ కంకర బాటలపై

ఉత్తరాఖండ్‌లోని నైనితాల్ పేరు వినగానే మన ఉద్యోగుల కుటుంబాలకు ఎల్.టి.సి. ప్రయాణము, పడవ షికారు, మాల్ రోడ్డుపై ఉన్ని దుస్తుల బేరము స్ఫురణకు వస్తాయి. అదే జిల్లాలో, నైనితాల్ కంటె తక్కువ ఎత్తున, అంతకంటె తక్కువ సందడితో భీమ్‌తాల్, నౌకుచియాతాల్, సత్‌తాల్ అను సరస్సులు కలవు. గత అక్టోబరులో మేము నలుగురము సహోద్యోగులము ఈ సరస్సుల సీమను సైకిళ్లపై సందర్శించి వచ్చాము. మాలో ఏ ఒక్కరి వయస్సూ 50కి తక్కువ కాదు. అందరిలోకి పెద్దవారు వచ్చే సంవత్సరం పదవీ విరమణ చేయనున్నారు. ఆయన గుండెకు స్టెంటు అమర్చి రెండేండ్లయినది. వైద్యుని అనుమతి సులభముగానే లభించినది గాని, ఆయన శ్రీమతిగారి అనుమతికి మాత్రం మేము ముగ్గురమూ పూచీ పడవలసి వచ్చినది.

ఢిల్లీలో రాత్రి ఎక్కిన రాణీఖేత్ ఎక్స్‌ప్రెస్ తెల్లవారుజామున కాఠ్‌గోదాంలో దింపినది. సైకిళ్లను ముందుగానే బ్రేక్‌వ్యానులో బుక్ చేసినాము. పెడళ్లు విప్పి, హ్యాండిలు అడ్డంగా తిప్పి, గోనెపట్టాలు చుట్టి పంపితే దెబ్బ తినవు. కాఠ్‌గోదాం సుమారు 550 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇక్కడితో రైలు పట్టాలు ముగిసి, కొండలు మొదలవుతాయి. ఈ పాదభూమిని భాబర్ అంటారు. హిమాలయ వాగులు మోసుకొచ్చిన రాళ్లు, గులకలు ఇక్కడ ఎంత మందముగా పేరుకొన్నవంటే, చిన్న వాగులు వాటిలో ఇంకి అదృశ్యమై, దిగువన తరాయి ప్రాంతంలో ఊటలుగా మరల పైకి వస్తాయి.

కాఠ్‌గోదాం దాటగానే రాణీబాగ్. ఎచ్.ఎం.టి. వారి గడియారాల కర్మాగారము 1980 దశకంలో ఇక్కడ నెలకొన్నది. 2016 జనవరిలో ఎచ్.ఎం.టి. వాచెస్ సంస్థను మూసివేయుటకు కేంద్ర ప్రభుత్వం నిర్ణయించినది. ప్రభుత్వరంగ ఉద్యోగులమైన మేము ఆ స్థలము మీదుగా మాట్లాడుకొంటూ సాగిపోలేకపోయినాము. రోడ్డు ప్రక్కన టీ త్రాగుతుండగా, దుకాణం యజమాని మా పెద్దాయన మణికట్టు వైపు తేరిపార చూచి, "బాబూజీ, ఒక్కసారి ఇస్తారా?" అని అడిగినాడు. అది ఎచ్.ఎం.టి. చేతి గడియారమే, కీ ఇచ్చే రకము. ఆయన విప్పి ఇచ్చినారు. ఆ యజమాని దానిని చెవి దగ్గర పెట్టుకొని విని, రెండు వ్రేళ్లతో నాలుగు చుట్లు కీ ఇచ్చి, అద్దం తుడిచి తిరిగి ఇచ్చినాడు. తాను అసెంబ్లీ విభాగంలో పని చేసినట్లు చెప్పినాడు. టీ డబ్బులు ఎంత చెప్పినా పుచ్చుకొనలేదు. తరువాతి రెండు కిలోమీటర్లు మాలో ఎవరమూ మాట్లాడలేదు. ఎత్తు ఎక్కుట వలన ఆయాసము కూడ కొంత కారణము కావచ్చు.

కాఠ్‌గోదాం నుండి భీమ్‌తాల్ సుమారు 21 కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు 820 మీటర్లు. సగటున 26 మీటర్లు పోతే ఒక మీటరు ఎక్కుతామన్నమాట. మనిషి, సైకిలు, సామాను కలిపి 90 కిలోలనుకొంటే, అంత బరువును అంత ఎత్తుకు చేర్చుటకు కావలసిన శక్తి విద్యుత్తు లెక్కలో యూనిట్‌లో అయిదవ వంతు మాత్రమే! ఇంట్లో ఫ్యాను రెండు, మూడు గంటలు తిరిగితే ఖర్చయ్యేది అదే. మా కండరాలు ఈ లెక్కను అంగీకరింపలేదు. మానవ దేహము తిన్న ఆహారంలో నాలుగవ వంతును మాత్రమే చక్రానికి అందించగలదు గనుక, వాటి వాదనలోనూ న్యాయమున్నది.

భీమ్‌తాల్ సరస్సు నైని సరస్సు కంటె పెద్దది. మన పల్లెటూరి చెరువును ఎరిగినవారికి ఇక్కడ ఏమీ క్రొత్త అనిపించదు. కట్ట ఉన్నది, తూము ఉన్నది. 1883లో రాతితో కట్టిన ఆ ఆనకట్ట సహజ సరస్సు నీటిని నిలువచేసి, దిగువన భాబర్ పొలాలకు అందించినది. నీరు ఇంకిపోయే నేలకు కొండ మీదినుంచి నీటిని దింపిన ఆ యోచన మాకెంతో నచ్చినది. కట్ట చెంతనే భీమేశ్వరాలయము ఉన్నది. దానిని 17వ శతాబ్దిలో చంద్ వంశపు రాజు బాజ్ బహదూర్ కట్టించినాడంటారు. నౌకుచియాతాల్, అనగా తొమ్మిది మూలల సరస్సు, అక్కడికి నాలుగు కిలోమీటర్లే. కుమావోన్ సరస్సులలో లోతైనది ఇదే.

అసలైన కంకర బాటలు సత్‌తాల్ వైపు ఉన్నవి. భీమ్‌తాల్ నుండి భవాలీ పోవు రోడ్డుపై మెహ్రాగావ్ వద్ద ఎడమకు తిరగాలి. సరస్సుల వరకు తారు రోడ్డే గాని, చుట్టూ అడవిలో కంకర బాటలు, కాలిబాటలు అనేకము. తారు మీద టైరు పొందే నిరోధము స్వల్పము. వదులు కంకరపై అది ఎంత పెరుగునంటే, బాట సమతలముగా ఉన్నా నూరు మీటర్లకు ఒకటిన్నర మీటరు ఎత్తు ఎక్కుతున్నట్లే ఉంటుంది. టైర్లలో గాలి బిగువుగా ఉంటే చక్రము ప్రతి రాయిపై ఎగిరిపడుతుంది. కొంత గాలి తగ్గిస్తే టైరే రాయి ఆకృతికి ఒదిగిపోతుంది. వెడల్పు టైర్లు కావాలనుటకు కారణమిదే. ఇక ఎక్కేటప్పుడు లేచి నిలబడి త్రొక్కరాదు. వెనుక చక్రము మీద బరువు తగ్గి, అది ఉన్నచోటనే తిరుగుతుంది.

ఇక్కడి చీడ్ పైన్ మాన్లకు కోతలు పెట్టి, బంక కోసం చిన్న పాత్రలు తగిలించి ఉంటారు. ఆ చెట్ల క్రింద రాలిన సూదుల వంటి ఆకుల పొరపై చక్రము నూనె మీద వలె జారుతుంది. వేసవిలో అడవికి నిప్పు అంటుకొనేది కూడ వీటివల్లనే. కొంత ఎగువన బాంజ్ అను ఓక్ చెట్లు మొదలు కాగానే నేల నల్లగా, చల్లగా, తడిగా మారినది. ఊటలు ఓక్ అడవినే నమ్ముకొని బ్రతుకుతాయని స్థానికులు చెప్పే మాటకు అర్థము మాకు టైరు క్రిందనే తెలిసినది.

ఇక్కడే ఒక నిట్టనిలువు మలుపు వద్ద మా పెద్దాయన దిగిపోయినారు. "మీరు ముందు పోనివ్వండి, నేను మెల్లగా నడచి వస్తాను" అన్నారు. ముఖము చెమటతో తడిసి ఉన్నది. మేమూ దిగినాము. నాడి చూచుకొంటే నిమిషానికి 132. పది నిమిషాలు కూర్చుంటే 90కి దిగినది. వెనుకకు మరలుదామని మాలో ఇద్దరు, ముందుకే పోదామని ఆయన. చివరకు నలుగురమూ సైకిళ్లు నడిపించుకొంటూ ఎక్కినాము. మీదికి చేరేసరికి చెట్ల సందున గరుడ్‌తాల్ ఆకుపచ్చగా కనిపించినది. ఆయన చాలాసేపు దానినే చూస్తూ, "ఫోటో తీయండి, ఇంట్లో చూపించాలి. నడచిన సంగతి మాత్రము చెప్పకండి" అన్నారు. ఇప్పుడు వారి శ్రీమతిగారు ఈ పత్రికలో చదువుతారు.

మరుసటి రోజు భవాలీ మీదుగా నైనితాల్ చేరినాము. ఈ పట్టణము మాకు చూపించినది సౌందర్యము కంటె కాలువలను. 1880 సెప్టెంబరు 18న ఎడతెగని వర్షాల అనంతరము కొండచరియ విరిగిపడి 151 మంది మరణించినారు. తరువాతనే వాలుల మీద రాతి కాలువల వ్యవస్థను నిర్మించినారు. నేటికీ కొండను నిలబెడుతున్నవి ఆ కాలువలే. వాటిపైన ఇండ్లు లేచుట చూచినప్పుడు కొంత కలవరము కలిగినది. ఎగువన సూఖాతాల్ అను గుంట ఉన్నది. అది వానకాలంలో నిండి, ఇంకి, భూగర్భ మార్గాన నైని సరస్సును పోషిస్తుంది. 2017 వేసవిలో నైని సరస్సు మట్టము ఎన్నడూ లేనంతగా పడిపోయినది. పట్టణము త్రాగేది ఈ సరస్సు నీటినే.

తిరుగు ప్రయాణంలో జ్యోలీకోట్ మీదుగా కాఠ్‌గోదాంకు 34 కిలోమీటర్లలో దాదాపు 1,400 మీటర్లు దిగినాము. రిమ్ముపై పట్టే బ్రేకులున్నవారు ఇక్కడ జాగ్రత్త వహించాలి. ఎక్కుతూ సంపాదించిన శక్తి అంతా రిమ్ము వేడిగా మారి, ట్యూబు పగిలిపోవచ్చును. అయిదు కిలోమీటర్లకొకసారి ఆగి చల్లార్చుకొన్నాము. అక్టోబరు, నవంబరు నెలలు అనుకూలము. వర్షాకాలంలో చరియలు పడతాయి. విడి ట్యూబులు రెండు, గొలుసు లింకులు, బ్రేకు కట్టెలు వెంట ఉండాలి. సాయంకాలము స్టేషనులో గోనెపట్టాలు చుట్టబోతే రిమ్ములు ఇంకా గోరువెచ్చగానే ఉన్నవి.