వజీఫా ఖైరాత్ కాదు, హక్

మన ఇళ్లల్లో వజీఫా అనే మాటకి రెండు అర్థాలున్నాయి. నమాజ్ తర్వాత తస్బీ పట్టుకుని చదువుకునేది ఒకటి, సర్కారు నెలనెలా ఇచ్చేది ఒకటి. నిజాం జమానాలో నౌకరీ నుంచి దిగినవాళ్లని వజీఫాయాబ్ అనేవాళ్లు. ఆ మాటలో ఎంతో ఇజ్జత్ ఉండేది. అదే వజీఫా ఒక మాజూర్‌కి వస్తే మాత్రం మనవాళ్లకి ఖైరాత్‌లా కనిపిస్తుంది.

పాలకుర్తిలో మా ఫుప్పు కూతురుంది. నాకంటే పెద్దది, ఆపా అని పిలుస్తాను. చిన్నప్పుడే పోలియోతో రెండు కాళ్లూ పోయాయి. షాదీ కాలేదు. చేత్తో తిప్పే కుట్టు మిషన్ మీద జాకెట్లు కుడుతుంది. పెన్షన్‌కి పెడదామంటే ఏళ్ల తరబడి ఫుప్పే అడ్డం. "ఖైరాత్ కా పైసా నక్కో బేటా, లోగాఁ క్యా బోల్తే?" అనేది. 2014 నవంబర్‌లో ఆసరా వచ్చి దివ్యాంగుల పెన్షన్ 500 నుంచి 1,500 అయింది. 2019లో 3,016, 2023లో 4,016 అయింది. ఆ ఇంటికి మాత్రం ఒక్క రూపాయి రాలేదు.

చివరికి ఫుప్పుకి ఇస్లామీ తారీఖ్ నుంచే ఒక మాట చెప్పాను. 705 నుంచి 715 దాకా ఏలిన ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్ కుష్ఠు రోగులకి వజీఫా కట్టి, ఇక చెయ్యి చాచొద్దన్నాడు. నడవలేని ప్రతి మనిషికీ ఒక ఖాదిమ్‌ని, చూపు లేని ప్రతి మనిషికీ దారి చూపేవాణ్ని ఇచ్చాడు. తబరీ రాసిన తారీఖ్‌లో ఉంది ఈ సంగతి. "అది ఖలీఫా జేబులోది కాదు ఫుప్పూ, బైతుల్‌మాల్‌ది. అవామ్ సొమ్ము. ఇదీ అంతే" అన్నాను. తను పండించిన పంట తనదేనని విస్నూరు దేశ్‌ముఖ్‌కి ఎదురు నిలిచిన చాకలి ఐలమ్మ ఊరు అది. అక్కడ హక్ అంటే ఏంటో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఫుప్పు ఒప్పుకుంది. అప్పుడు కాగజ్ అడ్డం పడింది.

ఉర్దూలో మహమ్మద్ అని రాయడానికి ఒకటే దారి. మీమ్, హే, మీమ్, దాల్. నాలుగు అక్షరాలు. అదే ఆఫీసు కంప్యూటర్లలో ఎండీ, మొహద్, మొహమ్మద్, మహ్మద్! ఆపా ఆధార్‌లో బేగం, రేషన్ కార్డులో బీ, బ్యాంకు పుస్తకంలో రెండూ లేవు. ఒక ఆఫీసులో బాబు ఆ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "వీళ్లు ముగ్గురమ్మా, మీరు ఎవరు?" అన్నాడు. ఆపా నవ్వింది. ఆటోలో వచ్చేటప్పుడు మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు.

అందుకే ఈ తర్తీబ్ గుర్తుంచుకోండి. ముందు ఆధార్ సరిచేయించాలి. తర్వాత అదే స్పెల్లింగ్‌తో రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా. ఆ తర్వాతే వైకల్య సర్టిఫికెట్. మొన్నటిదాకా సదరం అనేవాళ్లం, ఇప్పుడు స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీ కార్డుకి దరఖాస్తు పెట్టాలి. 40 శాతం వైకల్యం అన్నది ముఖ్యమైన గీత. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అక్కణ్నుంచే చాలా హక్కులు ఇస్తుంది. పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, దీంట్లో 21 ఉన్నాయి. తలసీమియా, సికిల్ సెల్, ఆటిజం కూడా. మన ఇళ్లల్లో "అల్లా మర్జీ" అని ఊరుకున్న పిల్లలు ఎందరో ఈ లిస్టులో ఉంటారు.

ఇంటి సంగతి కూడా ఆ చట్టంలోనే ఉంది. సర్కారు ఇళ్ల కేటాయింపులో 5 శాతం దివ్యాంగులది, అందులోనూ ఔరత్‌లు ముందు. ఆపా పేరున ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది. 5 లక్షలు. కానీ మొదటి లక్ష బేస్‌మెంట్ లేచాకే వస్తుంది. ఆ బేస్‌మెంట్ లేపడానికి పైసలేవి? నడవలేని ఒంటరి ఔరత్‌కి అప్పు ఎవరిస్తారు?

మన జమాత్ పని ఇక్కడే ఉంది. రంజాన్‌లో మసీదు గేటు ముందు కూర్చున్న మాజూర్ చేతిలో పది రూపాయలు పెట్టి లోపలికి వెళ్తాం. అదే మసీదు కమిటీ ఒక లక్ష కర్జ్-ఎ-హసనా ఇస్తే బేస్‌మెంట్ లేస్తుంది, బిల్లు రాగానే సొమ్ము తిరిగొస్తుంది, అదే లక్ష ఇంకో ఇంటికి పోతుంది. ఆపాకి నలుగురు బంధువులం కలిసి ఆ కర్జ్ ఇచ్చాం. అందరికీ నలుగురు ఉండరు.

మేస్త్రీ రెండడుగుల ఎత్తు, ముందు మెట్లు అన్నాడు. ఒక అడుగు ఎత్తుకి పన్నెండడుగుల ర్యాంప్ కావాలి. రెండడుగులకి ఇరవై నాలుగు, అంత జాగా లేదు. ఎత్తు ఒక అడుగుకి తగ్గించాం. తలుపు, గుసల్‌ఖానా తలుపు కూడా మూడడుగుల వెడల్పు పెట్టించాం. ఇవన్నీ ముగ్గు పోసేటప్పుడే చెప్పాలి. స్లాబ్ పడ్డాక చెప్తే, ఇల్లు సొంతమే గానీ గడప దాటాలంటే మళ్లీ ఎవరో ఎత్తుకోవాల్సిందే.

ఆపా పెన్షన్ ఇప్పుడు నెలనెలా వస్తోంది. అందులోంచి నెలకి వెయ్యి పక్కన పెట్టి మా కర్జ్ తీరుస్తానంటోంది. బిల్లు వచ్చాక చూద్దాంలే అంటే వినదు. ఖైరాత్ తీసుకున్న మనిషి ఇలా హిసాబ్ చెప్పదు.

ఈ జుమా తర్వాత మీ గల్లీలో ఒక్క ఇల్లు చూడండి. పరదా వెనక ఒక మాజూర్ ఉంటే, ఆ కాగితాలు మూడూ తెమ్మనండి. పేరు ఒకేలా ఉందేమో చూడండి.