దొరకలేదన్నదీ జవాబే

ఎవరైనా తన పని చూపించి "ఎలా ఉందిరా?" అంటే "బాగుంది" అనేయడం చాలా తేలిక. ఆ మాటకు పూచీ పడవలసి వచ్చినప్పుడే దాని బరువు తెలుస్తుంది. నాకు కంప్యూటరు ల్యాబులో తెలిసివచ్చింది.

మా ప్రాజెక్టు జట్టులో నలుగురం. ప్రోగ్రాములు రాసేది విమ్ అనే ఎడిటరులో. 1976లో బిల్ జాయ్ మొదలుపెట్టిన వీఐ బాటలో నడిచి, బ్రామ్ మోలెనార్ 1991లో విడుదల చేసినదది. అందులో 'ఫైండ్' అని ఫైలు పేరు కొడితే వెతికి తెరుస్తుంది. అయితే ఎక్కడపడితే అక్కడ వెతకదు. 'పాత్' అనే జాబితాలో ఉన్న చోట్లే చూస్తుంది. యునిక్సు తరహా యంత్రాల్లో మామూలుగా ఆ చోట్లు మూడు: తెరిచి ఉన్న ఫైలు తాలూకు ఫోల్డరు, సి భాష హెడర్లుండే ఫోల్డరు, మనం పనిచేస్తున్న ఫోల్డరు. వాటి లోపలి ఫోల్డర్లలోకి తనంతట తాను దిగదు.

మాలో ఒకడికి ఇది విసుగైంది. అందరం వాడే సెట్టింగులలో ఒక్క లైను కలుపుదామన్నాడు. జాబితా చివర రెండు నక్షత్రపు గుర్తులు చేరిస్తే చాలు, లోపలి ఫోల్డర్లను 30 మెట్ల లోతు వరకు గాలిస్తుంది. "ఒకసారి చూసి చెప్పరా" అని నాకిచ్చాడు. నా ఫైలు పేరు కొట్టాను. టక్కున తెరుచుకుంది. "బ్రహ్మాండం, పెట్టెయ్" అన్నాను. నా పరిశీలనకు రెండు నిమిషాలైనా పట్టలేదు!

వారం తిరక్కుండానే ఫలితం కనిపించింది. మా జట్టులోని అమ్మాయి ఒక ఫైలు పేరు కొట్టి, తెరుచుకున్నదాంట్లో సాయంత్రమంతా తప్పులు దిద్దింది. మర్నాడు లెక్చరరు గారి ముందు ప్రోగ్రాము నడిపితే ఆ తప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆమె దిద్దింది అసలు ఫైలు కాదు, వేరే ఫోల్డరులో మేం దాచిన పాత నకలు. ఒకే పేరుతో రెండు ఫైళ్లుంటే ఫైండ్ ముందు తగిలినదాన్ని తెరిచేస్తుంది. రెండోది కావాలంటే ముందు 2 అని కొట్టాలి. కాని రెండోది ఉందని తెలిస్తే కదా! లెక్చరరు గారు ఆమెను మందలించారు. నేను పక్కనే ఉండి నోరు విప్పలేదు.

ఆ రాత్రి మళ్లీ కూర్చుని చూశాను. పాత పద్ధతిలో అయితే ఆ ఫైలు "దొరకలేదు" అని వచ్చేది. ఆమె ఒక్క క్షణం చిరాకుపడి, సరైన చోటు తానే వెతుక్కునేది. మేం సౌకర్యం పేరిట ఆ నిజాయితీ గల జవాబును తీసేసి, దాని స్థానంలో తియ్యని అబద్ధం పెట్టాం.

మా ఊళ్లో కాలువ తూము మారిస్తే, తూము పక్క పొలం రైతు ఎప్పుడూ "నీళ్లు బాగా వస్తున్నాయి" అనే అంటాడు. అడగవలసింది చివరి పొలం వాడిని. ఈ సంగతి చిన్నప్పటి నుంచి ఎరిగినవాణ్ణే. ల్యాబులో మాత్రం తూము పక్కవాడిలాగే మాట్లాడాను.

మర్నాడు ఆమెకూ, లెక్చరరు గారికీ జరిగింది చెప్పేశాను. ఆ లైను తీసి, మాకు కావలసిన ఒక్క ఫోల్డరు పేరే జాబితాలో రాశాం. అంతా గాలించాలనుకున్నవాడు తన సొంత సెట్టింగులలో పెట్టుకున్నాడు.

ఇప్పుడెవరైనా "చూసి చెప్పరా" అంటే "బాగుంది" అనేముందు, ఇది ఎవరికి బాగుండదో ఒకసారి వెతుకుతున్నాను.