ఇద్దరే... నంగునూరు దారిలో!

పెళ్లయిన కొత్తలో బండి మీద ఊళ్లన్నీ చుట్టివచ్చిన జంటలెన్నో. ఆ తర్వాత? పిల్లల చదువులు, పెద్దవాళ్ల మందులు, బ్యాంకు వాయిదాలు... ఆలుమగలిద్దరూ ఉండేది ఒకే ఇంట్లో. మాట్లాడుకునేది మాత్రం పాల ప్యాకెట్ల గురించీ కరెంటు బిల్లు గురించీ! అలాంటివాళ్లకు ఊటీలూ కొడైకెనాల్‌లే అక్కర్లేదు. ఒక ఆదివారం, ఒక టిఫిన్ డబ్బా, ఓ పల్లెదారి చాలు. సిద్దిపేట జిల్లా నంగునూరు మండలంలో అలాంటి దారులు బోలెడు.

హైదరాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద సుమారు వంద కిలోమీటర్లు వస్తే సిద్దిపేట. అక్కడ హుస్నాబాద్ వైపు మళ్లితే పట్నం హడావుడి వెనకబడుతుంది. వరిమడులు, మక్కచేలు, తాటిచెట్లు, మధ్యమధ్య గుండ్ల గుట్టలు. బతుకమ్మ రోజుల్లో వెళ్తే గట్ల మీద తంగేడు, గునుగు పూలు పలకరిస్తాయి.

మూడువేల ఏళ్ల నాటి మాట

ఈ మండలంలోని నర్మెట, పాలమాకుల ఊళ్లు 2017లో వార్తల్లోకెక్కాయి. పురావస్తు శాఖ తవ్వకాల్లో ఇక్కడ ఇనుపయుగం నాటి సమాధులు బయటపడ్డాయి. నర్మెటలో ఓ సమాధిని కప్పిన బండ బరువు దాదాపు 40 టన్నులని అంచనా! క్రేన్లు లేని రోజుల్లో పోయినవాళ్ల కోసం అంత రాయిని కదిలించారంటే ఎంతమంది చెయ్యి వేసి ఉండాలి? ఎంత ప్రేమ ఉండి ఉండాలి? ఇలాంటి రాళ్లు తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల నాగళ్లకూ క్వారీలకూ బలైపోయాయి. అందుకే చేలల్లో ఎక్కడైనా గుండ్రంగా పేర్చిన బండలు కనిపిస్తే చూడండి, కదిలించకండి.

వాగొడ్డున సద్దిమూట

ఇంత చక్కని పేరున్న వాగు ఇంకెక్కడుంది... మోయతుమ్మెద! ఈ పల్లెలను ఒరుసుకుంటూ సాగి, చివరికి మానేరులో కలుస్తుంది. ఇది మెట్ట ప్రాంతం. ఒకప్పుడు వాన పడితేనే వాగుకు ప్రాణం. కరవు ఏళ్లలో బోర్లు వేసి అప్పులపాలైన రైతులు ఈ చుట్టుపక్కల ఎందరో. చెక్‌డ్యాముల వెనక నిలిచిన నీళ్లు చూసినప్పుడు ఆ సంగతి గుర్తుంటే ఆ నీటి విలువ తెలుస్తుంది. చెట్టు నీడ చూసుకుని డబ్బా విప్పండి. సర్వపిండి, ఉల్లిపాయ, పెరుగన్నం... ఫోన్లు బండి డిక్కీలోనే ఉండనివ్వండి. కాసేపు ఏం మాట్లాడాలో తోచదు. ఫర్వాలేదు, వాగు మాట్లాడుతుంది!

ఒక్క జాగ్రత్త. వానాకాలం వాగు పొంగితే కాజ్‌వేలు దాటే సాహసం వద్దు. మోకాలి లోతే కదా అనుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. చుట్టు తిరిగి వెళ్లడమే మేలు.

వెంకన్న దర్శనం... సాగర తీరం

మండలంలోని కోనాయిపల్లి వేంకటేశ్వరస్వామి గుడి రాజకీయంగానూ ప్రసిద్ధి. కేసీఆర్ నామినేషన్ పత్రాలను ముందుగా ఈ స్వామి సన్నిధిలో ఉంచి పూజ చేయించడం ఆనవాయితీ. 2018, 2023 ఎన్నికల్లోనూ అదే చేశారు. అలాంటి హడావుడి లేని రోజుల్లో మాత్రం నింపాదిగా దండం పెట్టుకోవచ్చు.

పొద్దు వాలేవేళకు పక్కనే ఉన్న చిన్నకోడూరు మండలం చంద్లాపూర్ చేరుకుంటే రంగనాయకసాగర్. 3 టీఎంసీల ఈ జలాశయాన్ని 2020 ఏప్రిల్‌లో ప్రారంభించారు. కట్ట మీద చల్లగాలి, నీళ్ల నడుమ గుట్ట... సూర్యాస్తమయం చూడ్డానికి ఇంతకన్నా ఏం కావాలి?

తిరుగు ప్రయాణంలో సిద్దిపేటలో ఆగితే గొల్లభామ చీర చూడొచ్చు. తల మీద కుండతో నడిచే గొల్లభామ బొమ్మను మగ్గం మీదే నేస్తారు. ఈ చీరకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. 'ఎందుకండీ ఇప్పుడు' అని ఆవిడ అన్నా వినకండి, కొనేయండి!

ఈ దారిలో పెద్ద జలపాతాలు లేవు, రోప్‌వేలు లేవు. ఇల్లు, పిల్లలు, ఖర్చులు కాక ఇంకా చెప్పుకోవాల్సిన కబుర్లున్నాయని ఇద్దరికీ గుర్తొస్తే చాలు. పెట్రోలు డబ్బులు గిట్టుబాటైనట్టే!